వండిన చేతి వాటా

ఎదిగే మగపిల్లలున్న ఇంట్లో బియ్యపు డబ్బాకు మూత పెట్టే తీరిక ఉండదని పెద్దలు అంటూ ఉంటారు. మధ్యాహ్నం కడుపునిండా భోంచేసిన పిల్లవాడు నాలుగున్నర గంటలకే వంటింటి గడప దగ్గర నిలబడి "ఏమైనా ఉందా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంచడానికి ఒక మనిషి రోజులో ఎంతసేపు పొయ్యి ముందు గడపవలసి వస్తుందో లెక్క వేసిన వారు అరుదు. యంత్రాల సామర్థ్యాన్నీ, ఇంధన వ్యయాన్నీ లెక్కించడమే వృత్తిగా మూడు దశాబ్దాలు గడిపిన నేను ఈసారి సాంకేతిక విషయాలను పక్కన ఉంచి, వంటింటి లెక్కనొకదానిని పాఠక మిత్రుల ముందు ఉంచదలచాను.

నా బాల్యం గొల్లపల్లిలో గడిచింది. పాత బస్తర్ జిల్లాకు దక్షిణపు కొసన, కోంటా ప్రాంతంలో ఉన్న చిన్న ఊరది. అప్పట్లో అది మధ్యప్రదేశ్‌లోనిది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 2012లో సుక్మా జిల్లా ఏర్పడినప్పుడు మా ఊరు అందులోకి చేరింది. ఊరి పేరు తెలుగు, బడిలో చదువు హిందీ, పొరుగిళ్ల దొర్లవారు మాట్లాడేది కోయ. ఖమ్మం వైపు నుండి సేద్యం కోసం వెళ్లి అక్కడ స్థిరపడ్డ కుటుంబం మాది. ఉప్పు, పప్పు మొదలు మందుబిళ్లల వరకు ఏది కావలసినా భద్రాచలమే మాకు పెద్ద బజారు. వర్షాకాలంలో వాగులు పొంగితే రాకపోకలు నిలిచిపోయేవి. అందుచేత జ్యేష్ఠ మాసానికల్లా ధాన్యం, కందిపప్పు, చింతపండు, ఎండుచేపలు, ఊరగాయ జాడీలు ఇంటికి చేరి ఉండవలసిందే.

1986 నాటికి మా ఇంట్లో తినే మగవారు అయిదుగురు. నాన్నగారు, బాబాయి, మేము ముగ్గురు అన్నదమ్ములం. నాకు పదిహేడేళ్లు, మా తమ్ముళ్లకు పదిహేను, పన్నెండు. వండేది మాత్రం అమ్మ ఒక్కతే. తెల్లవారుజామున పొయ్యి రాజేస్తే రాత్రి నిప్పు కప్పేవరకు ఆమెకు విరామం లేదు. ఉదయం పొలం వెళ్లేవారికి చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ. బడికి వెళ్లేవారికి వేడి జావ. మధ్యాహ్నానికి గుండిగ నిండా అన్నం, పప్పు, ఏదో ఒక ఆకుకూర. సాయంత్రం ఉడికించిన ఉలవలో, వేయించిన వేరుసెనగ కాయలో. రాత్రికి మళ్లీ అన్నం, చారు, చేపల పులుసు. చింత చిగురు కాలంలో చిగురు పప్పు, వానలు పడ్డాక బోడకాకరకాయ వేపుడు, పుట్టగొడుగుల కూర. వార్చిన గంజిని కూడా ఆమె పారబోసేది కాదు. కాస్త ఉప్పు, మజ్జిగ కలిపి పొలం నుండి వచ్చిన బాబాయికి ఇచ్చేది.

ఈ ఆకలి ఎంత పెద్దదో అంకెలలో చెప్పవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పేరు మనలో చాలామందికి తెలుసు. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధన కోసం చిన్న కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. ఆ సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం పది నుండి పన్నెండేళ్ల బాలునికి రోజుకు 2,220 కిలో క్యాలరీలు, పదమూడు నుండి పదిహేనేళ్ల వానికి 2,860, పదహారు నుండి పద్దెనిమిదేళ్ల వానికి 3,320 కావాలి. కూర్చుని పనిచేసే వయోజనుడికి 2,110 చాలు. అంటే పదిహేడేళ్ల కుర్రవాడు ఆఫీసులో కూర్చున్న తండ్రి కంటే సగానికి పైగా ఎక్కువ తినవలసిన వాడన్నమాట. వాడి ఆకలిని చూసి విసుక్కునే తండ్రులు ఈ అంకెను గుర్తుంచుకోవడం మంచిది. శరీరశ్రమ అధికంగా చేసే పురుషుడికైతే 3,470 కావాలి.

ఈ ప్రమాణాలను నాటి మా ఇంటికి అన్వయిస్తే ముగ్గురు పిల్లలకు 8,400, పొలం పని చేసే పెద్దవారిద్దరికి 6,940, వెరసి 15,340 కిలో క్యాలరీలు. ఇందులో ముప్పాతిక వంతు బియ్యం నుండే వచ్చిందనుకుందాం. నూరు గ్రాముల బియ్యం సుమారు 350 కిలో క్యాలరీలు ఇస్తుంది కనుక రోజుకు మూడు కిలోల పైచిలుకు బియ్యం ఉడకాలి. అది అన్నమయ్యేసరికి బరువు రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ అన్నానికీ, గంజికీ కావలసిన నీరంతా బావి నుండి బిందెలతో రావాలి, కట్టెలు అడవి నుండి రావాలి. మా ఇంట్లో బియ్యాన్ని సోలలతో, తవ్వలతో కాక మానికలతోనే కొలిచేవారంటే ఆశ్చర్యం లేదు.

పాఠకులు ఈపాటికి గమనించే ఉంటారు. పై మొత్తంలో ఒకరి లెక్క లేదు. నీళ్లు మోసి, కట్టెలు చీల్చి, ధాన్యం దంచే స్త్రీకి అవే ప్రమాణాల ప్రకారం 2,720 కిలో క్యాలరీలు కావాలి. ఆ కాలపు ఇళ్లలో ఆమె వాటాను ఎవరూ విడిగా కొలిచేవారు కారు. అందరూ తిన్న తరువాత మిగిలినదే ఆమె భోజనం.

ఆ వేసవిలో అమ్మకు ఆయాసం మొదలైంది. రెండు బిందెలు తెచ్చేలోపల మూడుసార్లు కూర్చునేది. గోళ్లు పాలిపోయాయి. గుండిగ దించడానికి బాబాయిని పిలవవలసి వచ్చింది. నాన్నగారు ఆమెను భద్రాచలం తీసుకువెళ్లి రక్తపరీక్ష చేయించారు. స్త్రీలకు 12 గ్రాములు ఉండవలసిన హిమోగ్లోబిన్ ఆమెకు 7 గ్రాములే ఉంది. ఇంట్లో ఏమి తింటారమ్మా అని వైద్యుడు అడిగితే "అందరం తినేదే తింటానండి" అని చెప్పిందట.

సంగతి తెలిసి అమ్మమ్మ వచ్చింది. రెండు రోజులు ఏమీ మాట్లాడకుండా వంటింటి మూల కూర్చుని చూసింది. మూడోనాడు నాన్నగారిని పిలిచి, "అల్లుడుగారూ, ఇది అందరూ తినేదే వండుతోంది గాని, అందరూ తినేది తినడం లేదు" అన్నది.

ఆమె గమనించినది చాలా సూక్ష్మమైన విషయం. అమ్మ పస్తులుండేది కాదు. గుండిగ అడుగున అన్నం ఎప్పుడూ మిగిలేది. మిగలనివి పప్పు, ఆకుకూర, చేపముక్క. ఆకలి మీదున్న అయిదుగురికి వడ్డించేటప్పుడు ముందుగా అయిపోయేది కూరే. చివరికి ఆమె పళ్లెంలోకి వచ్చేది అన్నం, చారు, పచ్చడి మెతుకులు. కడుపు నిండేది, రక్తం పట్టేది కాదు. ఆకలి తీరినట్టు కనిపించడం వల్లనే ఈ లోటు ఏళ్ల తరబడి ఇంట్లో ఎవరి కంటా పడదు.

"ముందు నువ్వు తిను" అంటే అమ్మ ఒప్పుకునే మనిషి కాదని అమ్మమ్మకు తెలుసు. పిల్లల కంటే ముందు తినడం ఆమెకు సిగ్గు. అందుచేత అమ్మమ్మ తినే వరుసను మార్చలేదు, తీసిపెట్టే వరుసను మార్చింది. పొయ్యి మీద నుండి దించిన వెంటనే, ఎవరికీ వడ్డించకముందే, మూత గల ఒక ఇత్తడి గిన్నెలో అన్నం, దాని మీద గరిటెడు పప్పు, పక్కన కూర, చేప వండిన నాడు నడిముక్క పెట్టి ఉట్టి మీద ఉంచేది. దానికి ఆమె పెట్టిన పేరు "వండిన చేతి వాటా". అమ్మ మొహమాటపడితే, "పాలేరుకు కుంచాలతో కొలిచి ఇచ్చే ఇల్లమ్మా ఇది, వండేదానికి గరిటెతో కొలవలేమా?" అన్నది. నాన్నగారు మారు మాట్లాడలేదు. ఆ గిన్నెను ఎవరూ ముట్టకూడదని మా ముగ్గురికీ కట్టడి చేశారు.

ఒకనాటి రాత్రి మా చిన్న తమ్ముడికి మళ్లీ ఆకలి వేసి ఉట్టి వైపు చూశాడు. అమ్మమ్మ వాణ్ణి తిట్టలేదు. చారెడు అటుకులు, బెల్లం ముక్క చేతిలో పోసి, "నీ ఆకలికి ఇది ఉంది. దాని ఆకలికి అదొక్కటే ఉంది" అని చెప్పి పంపింది. మరునాటి నుండి పిల్లల ఆకలికి విడిగా ఒక డబ్బా ఏర్పడింది. అందులో అటుకులో, వేయించిన సెనగలో, నువ్వుల ఉండలో ఎప్పుడూ ఉండేవి. ఎదిగే పిల్లల ఆకలికి అడ్డు చెప్పకుండానే తల్లి వాటాను కాపాడవచ్చునని ఆ డబ్బా రుజువు చేసింది.

మా పొరుగున ఉండే దొర్ల స్త్రీలను ఈ సందర్భంలో తలచుకోవాలి. వారు పొలానికి వెళ్లేటప్పుడు ఎండిన సొరకాయ బుర్రలో జావ పోసుకుని భుజాన వేసుకునేవారు. ఆకలైనప్పుడు చెట్టు నీడన కూర్చుని తాగేవారు. ఎవరైనా వచ్చి తినేదాకా తాము ఆగడం నేను చూసినంతలో లేదు. అమ్మమ్మ వారిని అమ్మకు చూపించి, "చూశావా, వాళ్ల బువ్వ వాళ్ల భుజాన్నే ఉంది" అనేది.

వైద్యుడిచ్చిన ఇనుపధాతువు మాత్రలు, ఆ ఇత్తడి గిన్నె, రెండూ కలిసి పనిచేశాయి. మరుసటి సంక్రాంతి తరువాత చేసిన పరీక్షలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు వచ్చింది. గుండిగ మళ్లీ ఆమే దించుకోగలిగింది. అయినా ఆ పని బాబాయే చేసేవాడు. అలవాటైపోయిందని చెప్పేవాడు.

ఉద్యోగంలో చేరాక అమ్మమ్మ పద్ధతికి సాంకేతిక శాస్త్రంలో సమానమైనది నాకు కనిపించింది. ఏ థర్మల్ విద్యుత్ కేంద్రమైనా తాను ఉత్పత్తి చేసిన విద్యుత్తునంతా బయటకు పంపదు. తన పంపులూ, ఫ్యాన్లూ, మిల్లులూ నడవడానికి కావలసిన భాగాన్ని తనకోసం ఉంచుకుని తక్కిన దానినే గ్రిడ్డుకు ఇస్తుంది. దీనిని స్వార్థమని ఎవరూ అనరు. బాయిలరుకు నీరు తోడే పంపు ఆగితే ఊరంతా చీకటే. ఇంటికి కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. వండే మనిషికి కావలసినది మిగులు పద్దు కాదు, తొలి పద్దు.

ఇది ఒక్క గొల్లపల్లి కథ కాదు. 2019–21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అదే వయసు పురుషులలో అది 25 శాతం. నెలసరి కారణంగా స్త్రీకి ఇనుము అవసరం ఎక్కువ. పోషకాహార సంస్థ లెక్కలో పురుషునికి రోజుకు 19 మిల్లీగ్రాములైతే స్త్రీకి 29. అంటే ఆమెకు కావలసిన అన్నం తక్కువ, కావలసిన ఇనుము ఎక్కువ. మన వడ్డన మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా సాగుతుంది. బైలడిల్లా కొండలలో పనిచేసే మనకు ఇది మరీ ఆలోచించవలసిన విషయం. నూటికి అరవై పాళ్లకు మించి ఇనుము ఉన్న రాయి 1968 నుండి ఇక్కడి నుండి రైళ్లకొద్దీ విశాఖపట్నం రేవుకు వెళుతోంది. ఆ కొండ కిందనే మన ఇళ్లలో స్త్రీల రక్తంలో ఇనుముకు కొరత ఉండడం సబబు కాదు.

మా క్వార్టరులోనూ ఒకప్పుడు ఇద్దరు కొడుకులు, చదువుకోవడానికి వచ్చిన తమ్ముడి కొడుకు, షిఫ్టు డ్యూటీల నేను కలిసి నలుగురం తినేవాళ్లం. నా శ్రీమతి కూడా ఉద్యోగస్తురాలే. మేము పాటించిన పద్ధతులు కొన్ని చెబుతాను. వడ్డనకు ముందే వండినవారి గిన్నె తీసిపెట్టాలి. సాయంత్రం నాలుగింటికి ఉడికించిన సెనగలో, రాగిజావో ఇస్తే రాత్రి కూర మీద ఒత్తిడి తగ్గుతుంది. రాగులలో కాల్షియం, తూకానికి తూకం చూస్తే, పాలలో కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ. ఆకుకూరలను ఇనుప మూకుడులో వేయించి, నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం మీదనే టీ తాగితే ఆ ఇనుము అందకుండా పోతుంది కనుక గంట ఆగాలి. పన్నెండేళ్లు దాటిన మగపిల్లవాడు బియ్యం కడిగి ఎసరు పెట్టడం, పప్పు తాలింపు వేయడం నేర్చుకోవాలి. అన్నిటికంటే ఎక్కువ ఆకలి ఎవరిదో వారికి పొయ్యితో పరిచయం ఉండడం న్యాయం.

అల్లర్ల కాలానికి ముందే మా వాళ్లు గొల్లపల్లి విడిచి గోదావరి ఈవలకు వచ్చేశారు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఇత్తడి గిన్నె మా తమ్ముడి ఇంట ఉంది. మా పెద్దవాడు ప్రస్తుతం బెంగుళూరులో ముగ్గురు మిత్రులతో కలిసి ఉంటూ ఉద్యోగం చేస్తున్నాడు. వంతులవారీగా వండుకుంటారు. మొన్న నా శ్రీమతి ఫోనులో "ఏం తిన్నావురా?" అని అడిగితే, "ఈ రోజు వంట నాదే అమ్మా. ఆఫీసు నుండి వాళ్లు వచ్చి మొత్తం ఊడ్చేశారు. నా గిన్నె ముందే తీసిపెట్టుకున్నాలే" అని చెప్పాడు.