మూతపడ్డ మిల్లు ఒడ్డున ఒక చేప

అమెరికా వచ్చిన వాళ్ళు నయాగరా జలపాతం గురించి రాస్తారు, స్వేచ్ఛా విగ్రహం గురించి రాస్తారు. నేను ఆ రెండూ చూడలేదు. నేను చూసింది ఒక మూతపడ్డ మిల్లు, ఒక జానెడున్నర చేప. వాటి గురించే రాస్తున్నాను.

మా అబ్బాయి సియాటిల్‌కి ఉత్తరాన బాతెల్ అనే ఊళ్ళో ఉంటాడు. నేనూ, మా ఆవిడా మార్చి నెలలో వచ్చాం. ఏప్రిల్‌లో ఒక పొద్దున వాడు, "నాయినా, చేపలు పట్టనీకి పోదామా? చిన్నప్పుడు నన్ను హిప్పరగా చెరువుకు తీసుకపోయేటోనివి గదా" అన్నాడు. షోలాపూర్‌లో సెలవు దొరికితే సైకిల్ మీద వాణ్ణి ముందు కూర్చోబెట్టుకొని ఆ చెరువుకు పోయేవాణ్ణి. వాడికి గుర్తుందని నాకు తెలియదు.

ఎడ్మండ్స్ రేవులో కారుతో సహా ఓడెక్కాం. అరగంటలో అవతల కింగ్‌స్టన్. అక్కడి నుంచి పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు పోతే పోర్ట్ గాంబుల్. తెల్ల రంగు చెక్క ఇళ్ళు, ఒక చర్చి, ఒక దుకాణం. వీధులు శుభ్రంగా ఉన్నాయి గాని మనుషులు తక్కువ. ఎక్కడో చూసినట్టుంది అనుకున్నాను. కాసేపటికి అర్థమైంది, ఇది మిల్లు చాళ్‌లాంటి ఊరు.

అది కోత మిల్లు. దుంగల్ని పలకలుగా కోసేది. 1853లో పోప్, టాల్బట్ అనే వాళ్ళ కంపెనీ పెట్టింది. తూర్పు తీరంలోని మెయిన్ రాష్ట్రం నుంచి పనివాళ్ళని తెచ్చి, వాళ్ళకి ఇల్లు గుర్తుకు రావాలని అక్కడి ఊళ్ళ నమూనాలోనే ఇళ్ళు కట్టించారు. ఇల్లు కంపెనీదే, దుకాణమూ కంపెనీదే. 1995లో మిల్లు మూసేశారు. నూట నలభై రెండేళ్ళు నడిచిన మిల్లు! యంత్రాలు తీసేశారు. మిల్లు ఉన్న చోట ఇప్పుడు ఖాళీ నేల, సముద్రపు గాలి. మిల్లు రాకముందు అక్కడ స్క్లాలమ్ అనే ఆదివాసుల ఊరుండేది. వాళ్ళని అఖాతం అవతలి ఒడ్డుకు జరిపారు. వాళ్ళ వారసులు నేటికీ ఆ ఒడ్డునే ఉన్నారు, చేపలు, ఆల్చిప్పలు పట్టుకుంటున్నారు. మిల్లు వచ్చింది, పోయింది. వాళ్ళు మాత్రం పోలేదు.

ఇద్దరు కూర్చునే కయాక్ అద్దెకు తీసుకున్నాం. కయాక్ అంటే సన్నటి, తేలికైన పడవ. రెండు వైపులా రెక్క ఉన్న తెడ్డుతో తోయాలి. నాకు అరవై ఎనిమిదేళ్ళు, ఈత అంతంత మాత్రం. అక్కడి నీళ్ళు ఏప్రిల్‌లో పది డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. పడితే కొద్ది నిమిషాల్లోనే చేతులు, కాళ్ళు మొద్దుబారతాయట. లైఫ్ జాకెట్, చలి ఆపే రబ్బరు బట్టలు వేసి, ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టాడు. వాడు వెనక. ఒడ్డుకు యాభై అడుగులు దాటి పోకూడదని నేను షరతు పెట్టాను. వాడు నవ్వి, "మన చేప కూడా దాటదు నాయినా" అన్నాడు.

అది నిజమే. ఆ చేప పేరు కట్‌థ్రోట్ ట్రౌట్. కింది దవడ దగ్గర రెండు వైపులా ఎర్రటి గీతలుంటాయి, గొంతు కోసినట్టు. అందుకే ఆ పేరు. ఒళ్ళంతా నల్ల చుక్కలు. చిన్న వాగుల్లో పుడుతుంది, రెండు మూడేళ్ళు పెరిగాక సముద్రంలోకి దిగుతుంది, గుడ్లు పెట్టే కాలానికి మళ్ళీ వాగుకే వస్తుంది. యానాం పాఠకులకి పులస గురించి నేను చెప్పనక్కరలేదు. అదీ సముద్రం నుంచి గోదారికి ఎదురెక్కే చేపే. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు కదా. ఇక్కడి సాల్మన్ చేపలు అలాగే వాగుకు వచ్చి, గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. ఈ ట్రౌట్ మాత్రం చావదు. గుడ్లు పెట్టి మళ్ళీ సముద్రానికి పోతుంది. మరో ఏడు మళ్ళీ వస్తుంది.

సముద్రంలో ఉన్నా ఇది లోతుకు పోదు. మోకాలి లోతు, నడుము లోతు నీళ్ళలో, ఆల్చిప్పలు, గులకరాళ్ళు ఉన్న చోట ఒడ్డు వెంబడే తిరుగుతుంది. ఏప్రిల్‌లో చమ్ సాల్మన్ పిల్లలు వేలి పొడవున వాగుల్లోంచి దిగుతాయి. వాటిని తినడానికి వాగు మూతి దగ్గర కాచుకుంటుంది. మరి నడిచిపోయి గాలం వేయొచ్చు కదా అంటే, ఈ రాష్ట్రంలో తీరం చాలా వరకు ప్రైవేటు వాళ్ళది. 1971 వరకు ప్రభుత్వం ఆటుపోట్ల నేలని అమ్ముతూ వచ్చింది. నీళ్ళకి మాత్రం యజమాని లేడు. పడవలో ఉంటే ఎవడూ ఏమనడు. పైగా కయాక్‌కు చప్పుడు లేదు. ఒడ్డుకు సమాంతరంగా పోతూ, నేల వైపుకే గాలం విసరాలి.

పోటు ఎక్కుతోంది. దూరంగా హుడ్ కెనాల్ మీది తేలే వంతెన కనిపించింది. 1979లో తుపాను కొట్టి అందులో సగం మునిగిపోయిందట, మళ్ళీ కట్టారు. పడమర వైపు ఒలింపిక్ కొండల మీద మంచు. మిల్లు దుంగల కోసం పాతిన తారు స్తంభాలు ఈ అఖాతంలో వేలకొద్దీ ఉండేవట. వాటి విషం చేపగుడ్లను చంపుతోందని 2015 తర్వాత పీకేశారు. మిల్లు మూసిన ఇరవై ఏళ్ళకి గాని నీళ్ళకి విముక్తి రాలేదు.

మావాడు గాలానికి దారం కడుతుంటే ముడి జారుతోంది. "ఇటు తే" అన్నాను. ముప్పై ఏళ్ళు రింగ్ ఫ్రేమ్ మీద తెగిన పోగులు అతికిన వేళ్ళివి. నైలాన్ జారుతుంది, ఉమ్మితో తడిపి బిగించాలి. ఒక్క ముడిలో పని అయిపోయింది. వాడు ఆ ముడిని చాలాసేపు చూశాడు. తర్వాత అన్నాడు.

"నాయినా, నా జాబ్ పోయింది."

నేను వెనక్కి తిరగబోయాను. పడవ ఊగింది. "తిరగకు నాయినా, ముందుకే చూడు" అన్నాడు. ముందుకే చూశాను.

"ఎప్పుడు బిడ్డా?"

"ఇరవై రోజులాయె."

వీసా మీద ఉన్న వాళ్ళకి ఉద్యోగం ముగిస్తే అరవై రోజులే గడువు. ఆ లోపు ఇంకో కంపెనీ వీళ్ళ పేరు మీద అర్జీ పెట్టాలి, లేకపోతే ఇంకో వీసాకు మారాలి. రెండూ కాకపోతే దేశం విడవాలి. కోడలికి తెలుసు. మాకే చెప్పలేదు. రోజూ పొద్దున సంచి తగిలించుకొని పోతున్నాడు, ఎక్కడికంటే లైబ్రరీకి. నాకు అనుమానం రాలేదని చెప్పను. పోయినసారి వచ్చినప్పుడు అన్నం దగ్గర కూడా వాడి ఫోన్ మోగుతుండేది. ఈసారి ఒక్కసారీ మోగలేదు.

మా మిల్లు మూతపడ్డప్పుడు దాచుకునే వీలే లేదు. పొద్దున భోంగా మోగలేదు, పేట మొత్తానికీ తెలిసిపోయింది. అందరం గేటు దగ్గర నిలబడ్డాం, కలిసి తిట్టుకున్నాం, కలిసి ఏడ్చాం. ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే పక్కింటి వాళ్ళు జొన్నరొట్టె పంపారు. వీడికి వచ్చింది ఒక ఈమెయిల్. దానికి చప్పుడు లేదు. పక్కింటి వాడికి కూడా తెలియదు.

ఏమనాలో తెలియక గాలం విసిరాను. మూడోసారి దారం బిగుసుకుంది. గడ కొస వంగింది. చేప పడవ చుట్టూ ఒక చుట్టు తిరిగింది, నీటిపైన ఒకసారి ఎగిరింది. మావాడు వల గంట కిందికి పెట్టాడు. పద్నాలుగు అంగుళాలు ఉంటుంది. వెండి రంగు ఒళ్ళు, గొంతు కింద ఆ ఎర్ర గీతలు.

"వండుకుందామా?" అన్నాను.

"వద్దు నాయినా. సముద్రంలో దీన్ని పడితే వదిలేయాలె. రూల్."

గాలానికి ముల్లు లేదు, చేపని నీళ్ళలోంచి తీయకుండానే ఊడింది. వాడు దాన్ని రెండు చేతుల్లో ఎదురు నీటికి పట్టుకున్నాడు. మొప్పలు ఆడుతున్నాయి. అది తోక కొట్టి పోయేదాకా వదలలేదు. తిననప్పుడు పట్టడం ఎందుకని ఇంకోరోజైతే అడిగేవాణ్ణే. ఆ రోజు అడగలేదు.

"నా మిల్లు పోయినంక నువ్వు బడి మానలేదు గదా" అన్నాను. "రెండు మరమగ్గాలు అద్దెకు తీసుకొని తువ్వాళ్ళు నేసిన. నువ్వు షోలాపూర్ వచ్చినా ఇల్లున్నది. ఇక్కడ దొరికితే ఇక్కడ ఉండు. రెండిట్లో ఏదైనా నాకు నామోషీ లేదు."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తెడ్డు చప్పుడు మాత్రం వినిపించింది.

పాఠకుల్లో చాలామంది పిల్లలు పుణెలో, బెంగుళూరులో, ఇలా పరదేశాల్లో ఉన్నారు. ఫోన్లో మనం జీతం ఎంత పెరిగిందనే అడుగుతాం. వాళ్ళు "బాగున్నం" అనే చెప్తారు. చెడ్డ కబురు కూడా చెప్పుకోవచ్చని మనమే వాళ్ళకి ముందుగా తెలియజేయాలి. మన పేటల్లో ఆ పని భోంగా చేసేది.

ఇది పంపేనాటికి వాడికి ఇంకా ఇరవై ఏడు రోజులున్నాయి. లైబ్రరీకి పోవడం మానేశాడు. వంటింటి బల్ల మీదనే కూర్చొని అర్జీలు పెడుతున్నాడు. మా ఆవిడ చాయ్ పెడుతోంది, నేను గ్లాసుల్లో పోస్తున్నాను. నిన్న రెండుసార్లు ఫోన్ మోగింది.