కడియం నారు నేర్పిన పాఠం

పిల్లలూ! రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం పోయే బస్సులో మీరెప్పుడైనా కిటికీ పక్కన కూర్చున్నారా? కొంతదూరం పోయాక రోడ్డు పక్కన ఎటు చూసినా మొక్కలే కనిపిస్తాయి. అదే కడియపులంక. ఆ చుట్టుపక్కల తోటలన్నిటినీ జనం కడియం నర్సరీలు అంటారు. మల్లె, గులాబి, మామిడి అంటు, కొబ్బరి మొక్క, ఏది కావాలన్నా అక్కడ దొరుకుతుంది. లారీలకెక్కి పరరాష్ట్రాలకు కూడా పోతాయి.

ఇన్ని మొక్కలు అక్కడే ఎందుకు పెరుగుతున్నాయి? గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి ఒక కారణం. కాలువ నీరు రెండో కారణం. ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టించాడు. 1852లో అది పూర్తయింది. ఇప్పుడు దాని స్థానంలో ఆయన పేరనే బరాజు వున్నది.

నేను మొదటిసారి కడియం వెళ్ళినప్పుడు ఇరవై వంగ మొక్కల నారు కొన్నాను. మధ్యాహ్నానికి ఇల్లు చేరి, ఆత్రం కొద్దీ అప్పుడే కుండీల్లో నాటి, నిండా నీళ్ళు పోశాను. సాయంత్రానికి అన్నీ తలలు వాల్చేశాయి. మూడోనాటికి మూడే మిగిలాయి!

మళ్ళీ వెళ్ళాను. నారు లెక్కపెడుతున్న ముసలమ్మ సంగతి విని నవ్వింది.

"మిట్టమధ్యాహ్నం నాటేశారా మాస్టారూ! పీకిన నారుకు ముందు నీడ కావాలండీ. సాయంత్రం నాటండి, రాత్రంతా తేరుకుంటుంది," అన్నది.

నాకు సిగ్గు వేసింది. ఎందుకంటారా? వేళ్ళకు సన్నని మూలకేశాలుంటాయనీ, అవే నీరు పీలుస్తాయనీ, ఆకులు ఆ నీటిని ఆవిరిగా వదలడమే బాష్పోత్సేకమనీ ఎన్నో ఏళ్ళు నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పినవాణ్ణి నేనే! నారు పీకినప్పుడు ఆ మూలకేశాలు తెగిపోతాయి. ఎండలో ఆకులు మాత్రం నీరు వదులుతూనే వుంటాయి. రాబడి లేదు, ఖర్చు ఆగదు. మొక్క వాడక ఏం చేస్తుంది? ఇంత తెలిసీ నాటేటప్పుడు ఒక్కసారి ఆలోచించలేదు.

ఈసారి పొద్దువాలాక నాటాను. నాలుగు రోజులు నీడన వుంచాను. వేలు పెట్టి చూసి, మట్టి ఆరితేనే నీళ్ళు పోశాను. రెండు నెలలు దాటాక మొదటి వంకాయ కోశాను. దాన్ని కూర వండనివ్వక ఒక పూటంతా బల్లమీద పెట్టి చూసుకున్నాను!

మీరూ మొదలుపెట్టండి. అడుగున బెజ్జం వున్న పాత డబ్బా చాలు. మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి నింపండి. వంటింట్లో మెంతులు అడిగి చల్లండి. వాటికి నారు పీకే పనే లేదు. వారంలోగానే పచ్చగా తలలెత్తుతాయి. ఆ తరువాత వంగ నారు తెచ్చుకుందురు గాని.

అయితే ఒక్కమాట! సాయంత్రం దాకా ఆగండి.