నాన్న, మంచం, ఒక రిమోటు

నాన్నకి బైపాస్ అయ్యాక డిశ్చార్జి కాయితాలు చేతిలో పెడుతూ డాక్టరు గారు బోలెడు చెప్పారు గానీ నాకు గుర్తుండిపోయింది ఒకటే. చేతుల మీద బరువు వేసి లేవకూడదు. గుండె దాకా వెళ్ళటానికి రొమ్ము ఎముకని నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. అది అతుక్కోటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అప్పటిదాకా వెల్లకిలా పడుకోవాలి, చేతులు ఊనకుండా లేవాలి. మీరూ ఒకసారి లేచి చూడండి. నేను చూశాను, నా వల్ల కాలేదు.

సరే, తల వైపు లేచే మంచం కావాలన్నమాట. సాఫ్ట్‌వేరు బుద్ధి ఎక్కడికి పోతుంది, ఆస్పత్రి కాంటీన్లోనే ఎక్సెల్ షీటు తెరిచాను. పధ్నాలుగు కాలమ్స్.

వీటిని మన దగ్గర ఫౌలర్ మంచాలంటారు. పేషెంటుని సగం కూచోబెట్టి ఉంచమన్న న్యూయార్క్ సర్జను జార్జ్ ఫౌలర్ పేరు అది. మడత పడే మంచం గురించి 1909లో రాసింది మాత్రం విల్లిస్ గ్యాచ్ అనే ఇంకో సర్జను. పని ఒకరిది, పేరొకరిది. మన ప్రాజెక్టుల్లో లాగే.

వీపు ఒక్కటే లేచేది సెమీ ఫౌలర్, మోకాళ్ళ దగ్గర కూడా లేచేది ఫుల్ ఫౌలర్. డబ్బులు మిగుల్తాయని సెమీ తీసుకోకండి. వీపు ఒక్కటే లేపితే మనిషి మెల్లగా కిందకి జారిపోతాడు. మళ్ళీ పైకి జరగాలంటే చేతులు ఊనాలి, లేదా ఎవరో చంకల్లో చేతులు పెట్టి లాగాలి. రెండూ కూడదు. మోకాళ్ళ దగ్గర కాస్త ఎత్తు ఉంటే జారరు. పైగా నాన్నకి సిర కాల్లోంచే తీశారు, కాలు ఎత్తులో ఉంటే వాపు తగ్గుతుంది.

నేను ఫుల్ ఫౌలరే అద్దెకి తెచ్చాను, కాకపోతే చేత్తో మర తిప్పేది. మోటారుదైతే అద్దె దాదాపు రెట్టింపు. కరెంటు పోతే ఎలా, మరకైతే చెడిపోవటానికి ఏముంది అని అమ్మకి లెక్చరు కూడా ఇచ్చాను. నాన్న దాన్ని చూసి, "నన్ను ఇంటికి తెచ్చారనుకున్నానురా, ఆస్పత్రినే ఇంటికి తెచ్చారా" అన్నారు.

మూడో రాత్రి నాలుగింటికి మంచినీళ్ళకని లేస్తే, నాన్న కళ్ళు తెరుచుకుని ఉన్నారు. దిండు గుండెలకి హత్తుకుని దగ్గుని మింగుతున్నారు. దగ్గాలి, కఫం బయటికి రావాలి, లేకపోతే నిమ్ము చేరుతుందని చెప్పి మరీ పంపారు ఆస్పత్రిలో. విషయమేంటంటే, నడుం లాగుతోందని పడుకునేముందు వీపు దించమన్నారు. ఇప్పుడు లేపాలి. మర ఉండేది కాళ్ళ వైపు, కింద. అమ్మ పక్కనే నేల మీద పడుకుంది. "ఇన్నాళ్ళకి ఇవాళే పడుకుందిరా, లేపబుద్ధి కాలేదు."

"మరి నిన్న రాత్రి ఎలా లేచారు?"

"రైలింగు పట్టుకుని లేచా. ఏం కాలేదులే."

నాకు చెమటలు పట్టాయి. పొద్దున్నే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఎముక దగ్గర టిక్కుమని చప్పుడేమైనా వస్తోందా అని అడిగి, నొక్కి చూసి, ఫరవాలేదన్నారు. నా పధ్నాలుగు కాలమ్స్‌లో 'మర ఎవరు తిప్పాలి' అన్నది లేదండీ.

ఆ సాయంత్రమే మోటారుది మార్పించాను. ఇన్వర్టరు ప్లగ్గుకి పెట్టాం, రిమోటు నాన్న కుడిచేతి దగ్గర. కొత్తలో మోటారు చప్పుడుకి అమ్మ ఉలిక్కిపడి లేచి కూచునేది, ఇప్పుడు లేవట్లేదు.

మీరెవరైనా తేవాల్సొస్తే, పరుపు మంచంతో పాటే మడత పడుతుందో లేదో చూసుకోండి, మన కొబ్బరిపీచు పరుపు పనికిరాదు. అంచు మీద కూచుంటే పాదాలు నేలకి ఆనాలి. లిఫ్టులో పడుతుందా, విడదీసి బిగిస్తారా ముందే అడగండి.

డిపాజిట్ రసీదు కూడా జాగ్రత్త. నాది కనపడ్డం లేదు.