అద్దం మీద ఆంప్లిఫయరు

మా వారికి ఇద్దరు భార్యలని నేను అప్పుడప్పుడు అంటూంటాను. ఒకతెను నేను. రెండోది ఆంప్లిఫయరు. నేను 1982లో కాపరానికి వచ్చాను. అది 1984లో సింగపూరు నించి వచ్చింది, స్నేహితుడొకాయన చేత తెప్పించుకున్నారు. జపాను సరుకు. అది వచ్చిన రోజు మా వారు భోజనానికి లేవలేదంటే నమ్మండి. నాకు జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద చెయ్యేసి చూశారో లేదో గుర్తులేదు గానీ, దాని నెత్తి మీద చెయ్యేసి "కాస్త వేడెక్కినట్టుందే" అని రోజుకోసారైనా అనుకోవడం నాకు బాగా గుర్తు.

గుంటూరులో ఉన్నన్నాళ్ళూ దానితో నాకు పేచీ లేదు. గోడలో కడపరాయి అలమార ఉండేది. ఆ రాయి మీద ఏనుగుని కూచోబెట్టినా ఇదేమిటని అడగదు. ముప్ఫై అయిదేళ్ళు పైచిలుకు ఈ మహాతల్లి ఆ రాయి మీదే కొలువుంది. నిరుడు ఇల్లు అమ్మేసి హైదరాబాదులో అబ్బాయి దగ్గరికి వచ్చేశాం. నా సామాను మూడు పెట్టెలు. మా వారి సామాను – ఆంప్లిఫయరు, టేప్‌డెక్, రికార్డు ప్లేయరు, రెండు స్పీకర్లు, అరవై చిల్లర రికార్డులు. మా అత్తగారి టేకు భోషాణం మాత్రం నా పట్టుదల మీద వచ్చింది. "ఎక్కడ పెడతాం అమ్మా" అని అబ్బాయి దాన్ని బాల్కనీలోకి తోశాడు. ప్రస్తుతం అందులో ఉల్లిపాయలూ, పాత పేపర్లూ కాపరం ఉంటున్నాయి.

ఇహ ఆంప్లిఫయరు ఎక్కడ? హాల్లో మా కోడలిది గాజు స్టాండు ఒకటుంది. మూడు అరలు, వెండిరంగు గొట్టాలు. 2019లో ఈ ఫ్లాటులోకి వచ్చినప్పుడు దసరా బోనసుతో తనే కొనుక్కుంది. ఎంత ముచ్చటో ఆ పిల్లకి! పనిమనిషిని తుడవనివ్వదు, ఆదివారం తనే పేపరు తడిపి తుడుచుకుంటుంది. టీవీ గోడకెక్కింది కనక అరలు ఖాళీ. "ఇక్కడ పెట్టుకోండి మావయ్యగారూ" అంది ఎంతో మర్యాదగా. ఆయన అంతకన్నా మర్యాదగా మధ్య అరలో ఆంప్లిఫయరూ, దాని నెత్తిన టేప్‌డెక్కూ, పై అర మీద రికార్డు ప్లేయరూ ప్రతిష్ఠించేశారు. ఆ సాయంత్రం ఘంటసాల భగవద్గీత పెట్టారు. మా కోడలు కాఫీ ఇచ్చింది. అందరూ సంతోషంగానే ఉన్నారు, నేను తప్ప.

ఎందుకంటే నేను నేల మీద కూచుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను. నేల మీద కూచున్నవాళ్ళకి కనపడేవి సోఫాలో కూచున్నవాళ్ళకి కనపడవు. కిటికీ వెలుగు ఆ మధ్య అర అంచు మీద గీతలా పడుతోంది. ఆ గీత తిన్నగా లేదు.

నా కళ్ళజోడు తప్పేమో అనుకున్నాను. మర్నాడు ఎవరూ లేనప్పుడు కుట్టుమిషను దారం తీసుకుని, అర అంచు మీద ఈ చివర నించి ఆ చివరకి బిగించి పట్టాను. చివర్ల దగ్గర దారం అద్దాన్ని అంటుకునే ఉంది. మధ్యలో మాత్రం బియ్యపు గింజ దూరేంత సందు! సరిగ్గా ఆ అర కిందే మా మనవడి కార్ల గ్యారేజీ. నాలుగేళ్ళవాడు, బోర్లా పడుకుని "బుర్ర్" మంటూ కార్లు లోపలికి తోస్తూంటాడు.

మరి చెప్పొచ్చుగా అంటారు మీరు. ఎవరికి? మా వారికి చెబితే ఆయన మీదికి లేస్తారు. కోడలికి చెబితే "వచ్చి నెల కాలేదు, అత్తగారు నా గాజు బల్లకి వంక పెట్టింది" అని అనుకోదూ? పైకి అనకపోవచ్చు. నేను మాత్రం నా కోడలికం రోజుల్లో పైకి అన్నానా?

అది 1986. గుంటూరు ఇంట్లో పట్టుబట్టి గోడకి షోకేసు చేయించుకున్నాను. అద్దం అరలు, అద్దం తలుపులు. మా మావగారి మర్ఫీ రేడియో ఒకటుండేది, చెక్క పెట్టె, లోపల వాల్వులు. విజయవాడ స్టేషను తప్ప ఇంకోటి పలికేది కాదు గానీ చూడ్డానికి దర్జాగా ఉండేది. దాన్ని మధ్య అద్దం మీద అలంకరించాను. మా అత్తగారు చూసి, "అంత బరువు అద్దం మీద ఎందుకమ్మాయ్, రాతి మీద పెట్టరాదూ" అన్నారు. ఒక్కసారే అన్నారు. నాకు మాత్రం చెవిలో పదిసార్లు మోగింది. నా షోకేసు చూసి కళ్ళల్లో పోసుకుంటోంది అనుకున్నాను. ఆ మంటతో రేడియో పక్కన ఇంకో ఇత్తడి కృష్ణుణ్ణి కూడా పెట్టాను!

ఆరు నెలలు ఏమీ కాలేదు. ఓ మధ్యాహ్నం, ఎవరూ ముట్టుకోలేదు, తలుపైనా ఎవరూ వెయ్యలేదు. టప్పుమని ఒక చప్పుడు, వెనకాలే దబ్బున ఇంకోటి. పరిగెత్తి వెళ్తే రేడియో నేల మీద, షోకేసు తలుపులు ముక్కలు, కత్తుల్లాంటి పెంకులు గదంతా. మధ్యలో మా అబ్బాయి, రెండేళ్ళవాడు, నిలబడి ఉన్నాడు. ఏడవడం కూడా మరిచిపోయాడు. మడమ దగ్గర నించి రక్తం. మూడు కుట్లు పడ్డాయి. నేను ఆస్పత్రి నించి వచ్చేసరికి మా అత్తగారు గోధుమపిండి ముద్ద తడిపి, దానితో నేలంతా జానెడు జానెడు అద్దుకుంటూ కంటికి కనపడని పెంకులు తీస్తున్నారు. "చెప్పానా" అనలేదు. ఆ రోజే కాదు, పోయేదాకా ఎప్పుడూ అనలేదు. అంటే బావుండునని నేను చాలాసార్లు అనుకున్నాను.

సరే, కథ మళ్ళీ హైదరాబాదుకి. కూరలకని వెళ్ళి, దారిలో అద్దాలు కోసే కొట్టు ఉంటే ఆగాను. కొట్టతను పెద్దవాడు, వేళ్ళనిండా పాత గాట్లు. నా గోడు విని నవ్వలేదు. అదే నాకు సగం ధైర్యం.

"గప్పటిది సాదా అద్దమమ్మా. బరువు మోసుకుంట మోసుకుంట అంచుకు ఏడనో చిన్న గాటు ఉంటె గది మెల్లగ పెరుగుతది. ఇయ్యాల మోసింది గద అని రేపు మోస్తదనుకోవద్దు. గిప్పటి స్టాండ్లకు టఫెన్డ్ గ్లాసు వేస్తరు. మూలకు చిన్న ముద్ర ఉంటది, చూస్కోండి."

ఆ టఫెన్డ్ గ్లాసు తయారీ కూడా చెప్పాడు. కోతలూ, కన్నాలూ అన్నీ ముందే చేసేసి, అద్దాన్ని ఆరువందల డిగ్రీలకి పైన కాలుస్తారట. తీసీ తియ్యగానే రెండు పక్కలా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడిపోతుంది. లోపలిది ఆ తర్వాత తీరిగ్గా చల్లారి ముడుచుకుంటూ పైపొరను తనవైపు లాగి బిగించి పట్టుకుంటుంది. ఆ బిగువు వల్లనే సాదా అద్దానికి నాలుగైదు రెట్ల బలం. విన్నప్పుడు నాకు మా పుట్టింటి ఉమ్మడి కుటుంబం గుర్తొచ్చింది. లోపల లాగుడు, పైకి గట్టి. ఏ మూలో చిన్న దెబ్బ తగిలితే చాలు, మొత్తం ఒక్కసారిగా పొడిపొడి. అద్దమూ అంతేట. ముఖం మీద మంచి దెబ్బే ఓర్చుకుంటుంది, అంచు మీద ఇనప మొన తగిలితే మాత్రం ఓర్చుకోదు.

"పల్గితె చిన్న చిన్న ముక్కలైతది, కత్తిలెక్క కొయ్యది," అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోగా, "కానీ మీద ఉన్న డబ్బా పడుతది గదమ్మా," అన్నాడు.

వంగడం గురించి అడిగాను. కాగితం మీద గీసి చూపించాడు. అదే బరువుకి అద్దం పొడుగు రెండింతలైతే వంపు ఎనిమిదింతలు. అదే మందం రెండింతలు చేస్తే వంపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. నడిమధ్యన పెట్టినది ఎక్కువ వంచుతుంది, కాళ్ళ పక్కగా పెట్టినది తక్కువ. ఎనిమిది ఎమ్మెమ్ అద్దం చదరపు మీటరుకి ఇరవై కిలోలు తూగుతుంది. అంటే మా స్టాండు అర తన బరువే ఏడు కిలోలు మోసుకుంటోంది పాపం! అన్నిటికన్నా ముఖ్యం, అద్దం ఇనుముని తాకకూడదు, మధ్యలో రబ్బరు వాషరు ఉండి తీరాలి అని రెండుసార్లు చెప్పాడు. డబ్బులిస్తానంటే తీసుకోలేదు. టమాటాలు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చాను.

మా వారి దగ్గర మొదలెట్టాను, కాస్త లౌక్యంగానే. "నీకేం తెలుసు! ఆ అద్దం మీద మనిషి నిలబడ్డ వీడియో చూశాను," అన్నారు.

"మనిషి ఒక నిమిషం నిలబడి ఫోటో తీయించుకుని దిగిపోతాడు. మీది దిగుతుందా?"

పేపరు అడ్డం పెట్టుకున్నారు. ముప్ఫై అయిదేళ్ళు కడపరాయి మీద ఊరేగినదాన్ని కింద పెట్టమంటే ఆయనకి పదవి ఊడినట్టుంటుంది కాబోలు.

కోడలికి చెప్పడానికి మూడు రోజులు మాటలు కూడబలుక్కున్నాను. "నీ స్టాండు చాలా బావుంది కానీ" అని మొదలెడితే ఆ "కానీ" దగ్గరే అంతా చెడుతుంది. చివరికి ఏ మాటా పనికిరాలేదు. రాత్రి గిన్నెలు సర్దుకుంటూంటే, "మీ ఆయన మడమ మీద మచ్చ ఎలా వచ్చిందో ఎప్పుడైనా చెప్పాడా?" అని అడిగాను. "సైకిలు మీంచి పడ్డానన్నారు అత్తయ్యా," అంది. సైకిలూ లేదు, పాడూ లేదు. వాడికి గుర్తుంటే కదా! షోకేసు దగ్గర నించి గోధుమపిండి ముద్ద దాకా అంతా చెప్పేశాను. మా అత్తగారి మాట వినగానే నాకేమనిపించిందో కూడా దాచలేదు. ఇత్తడి కృష్ణుడి సంగతి దగ్గర ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు.

చేతులు తుడుచుకుని తిన్నగా హాల్లోకి వెళ్ళింది. ఫోను లైటు వేసుకుని స్టాండు కింద వెల్లకిలా పడుకుంది. కాసేపటికి లోపల్నించి, "అత్తయ్యా, ఈ అర కింద చీటీ ఉంది. పై అరకి 30 కిలోలు, మధ్య అరకి 15," అంది. ఇంకాసేపటికి, "నాలుగు వాషర్లుండాలిగా? మూడే ఉన్నాయి. వెనకాల ఎడమ మూల అద్దం ఇనుము మీదే ఆనుతోంది."

లేచి కూచుంది. మొహం పాలిపోయింది. "వీడు రోజంతా ఇక్కడే..." అని ఊరుకుంది. నేనూ ఏమీ అనలేదు. పిండి ముద్ద అవసరం రాలేదు, అంతే చాలు.

అప్పుడు తూకం మొదలయింది. ఆంప్లిఫయరు ఎంతుంటుందని అడిగితే మా వారు "పది, పన్నెండు" అన్నారు. కోడలు బరువు చూసుకునే యంత్రం తెచ్చింది. దాని మీద పెడితే అంకెలు కనపడవు. అంచేత అబ్బాయి ఎత్తుకుని నిలబడతానన్నాడు. ఆయన ఒప్పుకుంటేనా! తనే ఎత్తుకుని నిలబడ్డారు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు. 98 చూపించింది. దింపి, ఒక్కరే నిలబడ్డారు. 79.

లెక్క తేలిగ్గానే తేలింది. ఆంప్లిఫయరు 19 కిలోలు. కానీ రెండో లెక్క కూడా తేలిందండీ! పొద్దున్నే నడిచొచ్చి "డెబ్భై రెండు దాటను" అని నాతో పందెం కాసే మనిషి ఆయన. ఎవరూ ఏమీ అనలేదు. మనవడు మాత్రం "తాత డెబ్భై తొమ్మిది" అని ఇల్లంతా పాడుకుంటూ తిరిగాడు. టేప్‌డెక్ ఆరు కిలోలు. పదిహేను మోసే అర మీద పాతిక! అందులోనూ ఆంప్లిఫయరులో ట్రాన్స్‌ఫార్మరు ఎడమపక్కనుంటుందట. బరువంతా వాషరు లేని మూల వైపే.

ఉల్లిపాయలకి వేరే బుట్ట వచ్చింది. భోషాణం బాల్కనీలోంచి హాల్లోకి వచ్చింది. కోడలే కొబ్బరినూనె రాసి తుడిచింది. ఆంప్లిఫయరు దాని మీదికెక్కింది, చుట్టూ గాలి ఆడేటట్టు. టేప్‌డెక్ పక్కన పెట్టాం, నెత్తి మీద కాదు. దాని వేడి పైకి పోనివ్వకపోతే అదీ దెబ్బతింటుంది. రికార్డు ప్లేయరు గాజు పై అర మీదే ఉంది, గొట్టాల పక్కగా జరిపి. కింద ఓ చెక్క పలకా, చెక్క కింద రబ్బరు ముక్కలూ వేశాం. ఇదివరకు మనవడు గెంతితే ముల్లు కూడా గెంతి పాట చరణం మారిపోయేది. ఇప్పుడు గెంతినా చరణం మారటం లేదు. పోయిన వాషరు బదులు కొత్తది వెయ్యడానికి అద్దాల కొట్టతనే వచ్చి, అంచులన్నీ వేలితో తడిమి చూసి వెళ్ళాడు.

మధ్య అర ఖాళీ అయిందా, మర్నాడే మా వారు రికార్డుల కట్టలు మోసుకొచ్చారు. "ఇవి తేలికేగా," అన్నారు. నేను నోరు తెరిచేలోగా కోడలు ఒక రికార్డు అట్టతో సహా తీసుకెళ్ళి వంటింటి త్రాసులో పెట్టింది.

"పావుకిలో ఉంది మావయ్యగారూ. అరవై నాలుగంటే పదహారు కిలోలు. సగం అక్కడ, సగం ఇక్కడ పెడదాం."

"ఇంట్లో పచారీ కొట్టు పెట్టారేమిటి!" అని విసుక్కుంటూనే సగం రికార్డులు భోషాణంలో సర్దుకున్నారు. నిన్న ఊడుస్తూంటే బరువు చూసుకునే యంత్రం కనపడలేదు. వెతగ్గా వెతగ్గా మా మంచం కింద, గోడ వారగా, పాత దుప్పటి కప్పి కనపడింది.