ఎర్రగుంట్లలో ఉగ్గాని, చెప్పులు కుట్టే మార్టిన్

డిసెంబర్ 20 రాత్రి బెంగళూరులో బస్సెక్కి, తెల్లారి ప్రొద్దుటూరులో దిగాను. అక్కడి నుంచి ఎర్రగుంట్లకు ఇంకో బస్సు. పెన్న వంతెన మీదికి రాగానే పక్క సీటు పెద్దాయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి దండం పెట్టుకున్నాడు. కింద చూస్తే నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. మా సీమలో నదికి దండం పెట్టాలంటే నీళ్ళు నిండుగా ఉండాలని రూలేం లేదు.

ఎర్రగుంట్ల చూడ్డానికని పనిగట్టుకుని వచ్చేవాళ్ళు తక్కువ. గండికోటకు పోయేవాళ్ళు దారిలో టీ తాగి పోతారు. ముంబై, చెన్నై రైలు మార్గంలో ఉన్న ఊరు. 2016లో నంద్యాల లైను పూర్తయినప్పటి నుంచి జంక్షన్ అయింది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ళ గనులు, బండలకు పాలిష్ పట్టే మిషన్లు. మీ ఇంట్లో నల్లటి కడప బండ ఉంటే, అది ఈ చుట్టుపక్కల నుంచే వచ్చి ఉండొచ్చు. రోడ్డు పక్క వేపచెట్ల ఆకులు కూడా ఇక్కడ బూడిద రంగులో ఉంటాయి. వాన పడితేగానీ వాటి అసలు రంగు తెలీదు.

నేను వచ్చింది మా పెద్దమ్మ కోసం. ఆమె టైలర్. ముప్పై ఏళ్ళుగా ఇంటి ముందు గదిలో మిషన్ వేసుకుని ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. డిసెంబర్ వచ్చిందంటే ఆమెకు ఊపిరి సలపదు. క్రిస్మస్‌కు ఇంట్లో అందరికీ కొత్త బట్టలుండాలి, అవి 24 సాయంత్రానికి చేతికి రావాలి. దాని వెనకే కొత్త సంవత్సరం, ఆ వెనకే సంక్రాంతి. ఈసారి కుడి కంట్లో శుక్లం ముదిరింది. జనవరిలో ఆపరేషన్. "ఈ సీజన్ మానుకోమంటే వినడం లేదురా. నువ్వన్నా పోయి నాలుగు రోజులుండు" అని అమ్మ ఫోన్‌లో చెప్పింది. నాకేమో సెలవు దొరకలేదు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, అక్కడి నుంచే పని చేస్తానని చెప్పి వచ్చేశాను.

గుమ్మంలో అడుగుపెట్టేసరికి పెద్దమ్మ సూదిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని దారం ఎక్కిస్తోంది. మూడుసార్లు తప్పింది. నన్ను చూసి సూది కింద పెట్టేసి నవ్వింది.

"వచ్చినావా నాయనా? ఏమన్నా తిన్యావా? ఉండు, ఉగ్గాని చేస్తా."

"నువ్వు కుట్టుకో పెద్దమ్మా. నేను చేస్తా."

"నీకేమొచ్చురా! ఆ ఫోన్లో నొక్కితే వస్తాదే, అది కాదిది."

ఆ మాట నిజమే. బెంగళూరులో నా వంటగదిలో స్టవ్ ఉంది, దాని మీద ధూళి కూడా ఉంది. ఆమె మిషన్ మీద నుంచి లేవకుండానే చెప్పింది, నేను చేశాను. చెప్పిన పద్ధతి ఇది. మనిషికి రెండు మూడు గుప్పిళ్ళ బొరుగులు నీళ్ళలో వేసి, తడవగానే పిండి పక్కన పెట్టుకోవాలి. ఎక్కువసేపు నానితే ముద్దయిపోతాయి. బాండ్లిలో నూనె, ఆవాలు, శనగపప్పు, కరివేపాకు, నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయలు, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు. ఇవి మెత్తబడ్డాక పసుపు, ఉప్పు, పిండిన బొరుగులు. కలిపి దించేముందు పప్పుల పొడి, అంటే పుట్నాలు, ఎండుకొబ్బరి, తెల్లగడ్డలు, కారం కలిపి కొట్టిన పొడి, దండిగా చల్లాలి. పైన నిమ్మకాయ. అంతే. పొడి డబ్బాలో సిద్ధంగా ఉంటే పదిహేను నిమిషాల పని. పక్కన మిరపకాయ బజ్జీ ఉంటే పండగే, కానీ సీజన్‌లో బజ్జీలకు టైమెక్కడిది!

నాకోసమని చేస్తే, ముందు గదిలో కూర్చున్న ముగ్గురికి కూడా ప్లేట్లు పెట్టమంది. ఒకామె జాకెట్టు కోసం, ఒకామె పాప గౌను కోసం, ఇంకొకామె ఊరికే మాట్లాడ్డానికి వచ్చారు. పెద్దమ్మ ఇంట్లో ఇది పాత అలవాటు. డిసెంబర్‌లో ఎవరొచ్చినా కొంచెం సేపు ఆగాల్సి వస్తుంది, ఆగిన వాళ్ళకు తినడానికేదో ఉంటుంది. ఒకరోజు ఉగ్గాని, ఒకరోజు చెనిక్కాయల ఊరుబిండితో జొన్నరొట్టె, ఒకరోజు ఉత్త బొరుగుల మిక్చరు. ఏదీ గొప్ప వంట కాదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. అది మధ్యలో ఆగిపోయింది.

మిషన్ కింద ఒక చిన్న ఇనుప పెట్టె ఉంది. బాబిన్లు వెతుకుతూ దాన్ని తెరిచాను. లోపల పుస్తకాలు. బన్యన్ 'యాత్రికుని ప్రయాణము', అట్ట ఊడిన టాల్‌స్టాయ్ కథలు, పాత సంఘ పత్రికల్లోంచి కత్తిరించి కుట్టుకున్న కథల కట్ట. ఆ కట్టను దారంతో కాదు, మిషన్ మీదే కుట్టింది! మా అన్న, అంటే పెద్దమ్మ కొడుకు, బడిలో చదివే రోజుల్లో ఆమె కుడుతుంటే పక్కన కూర్చుని ఇవి పైకి చదివేవాడు. బట్టల కోసం వచ్చినవాళ్ళు వినేవాళ్ళు. నచ్చితే పుస్తకం తీసుకుపోయేవాళ్ళు, తిరిగిచ్చేటప్పుడు ఇంకో పుస్తకమో, గిన్నెడు కూరో తెచ్చేవాళ్ళు. అన్న కువైట్‌కు పోయి ఆరేళ్ళు. మూడేళ్ళుగా ఇంటికి రాలేదు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. కడప జిల్లాలో ఇలాంటి ఇల్లు వీధికొకటి ఉంటుంది. వాడు పోయాక ఆమె ఒక్కతే చదువుకునేది, ఇప్పుడు కన్ను సహకరించడం లేదు.

ఈ పుస్తకాలు ఈ ఎండసీమకు ఎట్లా చేరాయో ఆలోచిస్తే ముచ్చటేస్తుంది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. తర్వాత పల్లెల్లో బడులు వచ్చాయి, జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆస్పత్రి వచ్చింది. అంతకుముందు బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలు చాలామంది అక్షరాలు దిద్దింది ఆ బడుల్లోనే. మా అవ్వ కూడా అట్లా చదువుకున్నదే. బైబిల్ తర్వాత ఆమె చేతికి వచ్చిన మొదటి కథ బన్యన్‌ది. 1678లో అచ్చయిన పుస్తకం అది. అనుమతి లేకుండా బోధించినందుకు బెడ్‌ఫోర్డ్ జైల్లో పడ్డ ఒక పాత్రల మరమ్మతువాడు రాశాడు. ఆయన కూడా చేతిపని మనిషే.

22న అసలు కష్టం వచ్చింది. బండల పాలిష్ మిషన్ దగ్గర పనిచేసే ఒకామె తన కూతురి లంగా గుడ్డ ఇచ్చి పోయింది. పచ్చటి గుడ్డ, బంగారు అంచు. పెద్దమ్మ కొలత గీత తప్పు చూసి కత్తెర పెట్టింది. జానెడు పొట్టి అయిపోయింది. ముప్పై ఏళ్ళలో ఇట్లా ఎప్పుడూ జరగలేదంట. ఆ ముక్కలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

"అంచు కింద అతుకు వేస్తే సరిపోదా?" అన్నాను.

"అతుకేసిన బట్ట పండక్కి కట్టుకుంటాదా ఆ బిడ్డ? వాళ్ళమ్మ నాలుగు నెల్ల నుంచి దాచిపెట్టుకోని కొన్నింది. అది కాదురా. చెప్పల్ల ఆమెకు. ఎట్ల చెప్పేది?"

సాయంత్రం ఆమె వచ్చింది. చేతుల మీద ఇంకా తెల్లటి రాతిపొడి ఉంది. పెద్దమ్మ దాచలేదు. ముక్కలు చూపించి, "నా కన్ను మోసం చేసింది మ్మే. తప్పు నాదే" అంది. ఆమె ఏమీ అనలేదు. కూర్చుంది. కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది ఆ ముఖంలో. నాకేం చేయాలో తోచక ఉగ్గాని పెట్టాను. అప్పటికి నా చెయ్యి కాస్త తిరిగింది. ఆ మౌనం భరించలేక, పక్కనున్న టాల్‌స్టాయ్ పుస్తకం తీసి, "పెద్దమ్మా, చదవమన్నావు కదా" అని అబద్ధమాడి పైకి చదవడం మొదలుపెట్టాను.

1885లో రాసిన కథ. మార్టిన్ అనే చెప్పులు కుట్టేవాడు. నేలమాళిగలో ఒక గది, ఒకే కిటికీ. అందులోంచి మనుషుల కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఊళ్ళో చెప్పులన్నీ తను కుట్టినవే కాబట్టి, చెప్పులను బట్టి మనిషిని గుర్తుపడతాడు. భార్య పోయింది, కొడుకూ పోయాడు. ఒకరాత్రి సువార్త చదువుతూ కునుకు తీస్తే, రేపు వీధి వైపు చూడు, నేను వస్తానని ప్రభువు స్వరం వినిపిస్తుంది. పొద్దున్నే క్యాబేజీ సూపు పొయ్యి మీద పెట్టి ఎదురుచూస్తాడు. ప్రభువు రాడు. మంచు ఎత్తే ముసలాయన వస్తాడు, ఆయనకు టీ ఇస్తాడు. చలికి వణికే పసిబిడ్డ తల్లి వస్తుంది, ఆమెకు సూపు, పాత కోటు ఇస్తాడు. ఆపిల్ దొంగిలించిన పిల్లవాడికీ, పండ్లమ్మే ముసలమ్మకూ రాజీ చేస్తాడు. రాత్రి మళ్ళీ పుస్తకం తెరిస్తే తెలుస్తుంది, వచ్చింది ఎవరో.

ఈ కథ కూడా చేతులు మారిందే. రూబెన్ సైయాన్ అనే ఫ్రెంచ్ పాస్టర్ రాసిన కథ రచయిత పేరు లేకుండా రష్యన్‌లో అచ్చయితే, అది చదివి టాల్‌స్టాయ్ తన పద్ధతిలో మళ్ళీ చెప్పాడు. ఇప్పుడు ఎర్రగుంట్లలో కుట్టుమిషన్ పక్కన తెలుగులో వినబడుతోంది.

మార్టిన్ కండ్లద్దాలు పెట్టుకుని చదివాడన్న చోట పెద్దమ్మ మిషన్ ఆపింది. "వానికీ అద్దాలున్యాయంటనా?" అని నవ్వింది. రాతిపొడి చేతులామె కూడా నవ్వింది. కథ అయిపోయింది. నేను మనసులో, ఇక ఆమె క్షమించేస్తుందిలే అనుకున్నాను. కథలు చదివినవాళ్ళకు వచ్చే జబ్బు ఇది.

ఆమె లేచి ప్లేటు కడిగి పెట్టి, "అక్కా, నా బిడ్డకు పచ్చ లంగానే కావల్లంట. అట్లాంటి గుడ్డే తెచ్చియ్యల్ల" అంది.

"తెచ్చిస్తా మ్మే. రేపే" అంది పెద్దమ్మ. ఇద్దరూ మామూలుగా ఉన్నారు. నాకే అర్థం కాలేదు. తర్వాత పెద్దమ్మ చెప్పింది: "ఆమె అడగకుండా పోయింటే నాకు నిద్ర పట్టేది కాదు. అడిగింది గదా, మర్యాద నిలబెట్టింది."

23న మధ్యాహ్నం ఇద్దరం ప్రొద్దుటూరు పోయాం. బంగారం అంగళ్ళు దాటి బట్టల బజారులో నాలుగు అంగళ్ళు తిరిగితే అదే పచ్చ దొరికింది. అంచు కొంచెం తేడా. నేను ఫోన్ తీసి డబ్బులు కట్టబోతే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కత్తెర పెట్టింది నేను." కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టింది. ఆ నోట్లు దగ్గరికి తీసుకుని చూసే తీరు చూస్తే, జనవరి ఎంత దూరంలో ఉందో అనిపించింది.

తిరిగి వచ్చాక ఆమె కుట్టుపనిలో పడింది. నేను బైకు తీసుకుని కలమళ్ళకు పోయాను. ఎర్రగుంట్ల మండలంలోనే ఉంది. ఊరి పక్కన థర్మల్ కేంద్రం చిమ్నీలు, ఊళ్ళో చెన్నకేశవ, సిద్దేశ్వర ఆలయం. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం ఇక్కడిదే. క్రీ.శ. 575 ప్రాంతానిది. దొరికినవాటిలో మొట్టమొదటి తెలుగు శాసనమని పండితులు చెప్తారు. విరిగిన రాయి మీద అరిగిన అక్షరాలు. నాకు ఒక్క అక్షరం కూడా చదవడం రాలేదు. కానీ తెలుగులో ఏదైనా రాసి పదిమందికీ చెప్పాలని ఎవరో ఈ ఎర్రనేల మీదే తలపెట్టారు కదా. చదివి వినిపించేవాడు ఉన్నంతవరకే రాతకు ప్రాణం అనుకుంటూ వెనక్కి వచ్చాను.

24న రోజంతా ఇల్లు తిరునాళ్ళే. నేను గుండీలు కుట్టడం నేర్చుకున్నాను, మధ్యలో రెండు మీటింగులు మ్యూట్‌లో విన్నాను, మూడుసార్లు ఉగ్గాని చేశాను. పచ్చ లంగా సాయంత్రం ఆరింటికి పూర్తయింది. దారాలన్నీ నేనే ఎక్కించాను. ఆ పాప తనే వచ్చి తీసుకుంది, వాళ్ళమ్మ పంపిన కజ్జికాయల డబ్బా ఇచ్చింది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "అన్నా, ఆ చెప్పుల తాత పుస్తకం ఇస్తావా? అమ్మ చెప్పింది గానీ సగమే చెప్పింది" అంది.

నేను పెద్దమ్మ వైపు చూశాను. అది అన్న చదివిన పుస్తకం. లోపల వాడి చేతిరాతతో వాడి పేరుంది.

"ఇయ్యి నాయనా. సంక్రాంతి లోపల తెచ్చియ్యమను. ఆపరేషన్ అయినంక నేను చదువుకోవల్ల" అంది. మళ్ళీ పాపతో, "తెచ్చేటప్పుడు చదివి వినిపించు మ్మే, ఎంత బాగా చదువుతావో చూస్తా" అంది.

రాత్రి ఆరాధనకు పోయేముందు కువైట్ నుంచి ఫోన్ వచ్చింది. ఎప్పుడొస్తావని ఆమె అడగలేదు. తిన్యావా అని అడిగింది. పప్పుల పొడి ఎట్లా కొట్టాలో అన్నే అడిగాడు. అక్కడ బొరుగులు దొరుకుతాయంట. ఆమె చెప్తోంది, నేను పక్కనుంచి తెల్లగడ్డలు మర్చిపోవద్దని అరిచాను. మేడ మీద కాగితం నక్షత్రం వెలుగుతోంది. లోడు లారీ ఒకటి వీధిలోంచి పోయింది, దుమ్ము లేచి దాని చుట్టూ తిరిగింది.

ఇప్పుడు బెంగళూరులో నా వంటగదిలో ఒక పొడి డబ్బా ఉంది. ఆపరేషన్ జనవరి రెండో వారంలో. సెలవు ముందే పెట్టేశాను.