వేటగాడు పోయాడు... బాతుకు దిక్కెవరు?

మనదేశంలో అడవిబాతును కొట్టడం నేరం. చెరువు గట్ల మీద తుపాకీ చప్పుడు ఏనాడో ఆగిపోయింది. అయినా బాతుల కష్టాలు తీరలేదు. ఎందుకంటే వాటికి కావలసింది ప్రాణభయం లేకపోవడం ఒక్కటే కాదు... మోకాలి లోతు నీరు, కాస్త బురద, కాసింత ప్రశాంతత!

చలికాలం మొదలైందంటే చాలు, మంజీర ఒడ్డున ఉన్న బోరంచలాంటి ఊళ్ల వైపు దూరదేశాల నుంచి చుట్టాలు దిగుతారు. తోక సూదిలా ఉండేవి, ముక్కు గరిటెలా ఉండేవి, తెల్లటి తల మీద రెండు నల్లపట్టీలు ఉండేవి... ఎన్ని రకాలో! 'తాతా, గీ బాతులు ఏడికెల్లి వచ్చినయే?' అని ఏ మనవడైనా అడిగితే తాత చెప్పాల్సిన జవాబు చిన్నదేం కాదు. ఆ పట్టెతల బాతులు మంగోలియా, టిబెట్‌ల నుంచి వస్తాయి. హిమాలయాల మీదుగా ఏడువేల మీటర్లకు పైఎత్తున కూడా ఎగిరినట్టు శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అంత దూరం వచ్చేది ఇక్కడ దొరికే తిండి కోసమే.

ఆ తిండి దొరకాలంటే నీళ్లుంటే సరిపోదు. చాలా రకాల బాతులు మునిగి ఈదవు. తల నీళ్లలో పెట్టి, తోక పైకెత్తి, అడుగున ఉన్న గింజల్నీ పురుగుల్నీ ఏరుకుంటాయి. కాబట్టి లోతు అడుగుకు మించితే ఎదురుగా ఎంత నీరున్నా వాటికి పస్తే. సింగూరు జలాశయం వెనక నీళ్లు తగ్గేకొద్దీ ఒడ్డున పలుచటి నీరు, బురద తేలతాయి. బాతులకు వడ్డించిన విస్తరి అదే.

అక్కడే అసలు చిక్కు. నీరు తగ్గగా తేలిన శిఖం నేల రైతుకూ కావాలి. తడి ఆరకముందే దున్ని విత్తనం వేస్తే నీటిఖర్చు లేకుండా పంట చేతికొస్తుంది. పట్టెతల బాతుల గుంపు ఆ లేతమొలకల మీద వాలితే రైతు గుండె గుభేలుమంటుంది. ఎవరిది తప్పు? ఆకలి ఇద్దరిదీ!

కొట్టినవాళ్లే కాపాడారు

వినడానికి విడ్డూరంగా ఉంటుందిగానీ, ఒకప్పుడు బాతుల నీళ్లను కాపాడింది వేటగాళ్లే. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడినేలలు రాజుల వేట కోసమే తయారయ్యాయి. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం అక్కడ ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కూల్చింది. ఘోరమే. కానీ మళ్లీ ఏడాది వేటాడాలంటే నీళ్లుండాలి, గడ్డి ఉండాలి, పక్షులు రావాలి. ఆ స్వార్థమే ఆ నేలను నిలిపింది. 1985లో అది ప్రపంచ వారసత్వ ప్రదేశమైంది. మన మెదక్ దగ్గరి పోచారం కూడా నిజాం వేటభూమే. 1952లో అభయారణ్యమైంది.

అమెరికాలో ఇప్పటికీ ఆ పద్ధతే. నీటిపక్షుల్ని వేటాడాలంటే పదహారేళ్లు దాటినవాళ్లు 'బాతు స్టాంపు' కొనాలి. 1934లో ఒక డాలరుతో మొదలైన ఆ స్టాంపు ఇప్పుడు 25 డాలర్లు. ఆ సొమ్ములో దాదాపు అంతా చిత్తడినేలలు కొనడానికీ కౌలుకు తీసుకోవడానికీ పోతుంది.

మనది వేరే దారి. 1972 వన్యప్రాణి చట్టం కింద మొదట్లో లైసెన్సుతో బాతుల్ని వేటాడే వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. 2022 సవరణ ఇలాంటి నేరాలకు జరిమానాను పాతికవేల నుంచి లక్షకు పెంచింది. మూడేళ్ల దాకా జైలు కూడా. మంచిదే! కానీ వేటగాడితోపాటు, నీళ్లమీద కన్నేసి ఉంచే కాపలాదారూ పోయాడు. ఆ ఖాళీని ఎవరు నింపారు?

గీత లోపల... గీత బయట

మంజీర వన్యప్రాణి అభయారణ్యం 1978లో ఏర్పడింది. సింగూరు ఆనకట్టకూ దిగువన మంజీర బ్యారేజీకీ మధ్యనే దాని హద్దు. ఎగువన ఉన్న బోరంచ తీరం ఆ గీత బయట. బాతులకు గీతలు తెలియవుగా! గీత బయట పక్షిని కాపాడాల్సింది ఊరే.

చేయాల్సినవి కోట్ల పనులేం కాదు. నీటి అంచున కొన్ని గజాల మేర నేలను మాఘమాసం దాటేదాకా దున్నకుండా వదిలేయాలి. జమ్మును మొత్తం కొట్టేయకుండా, దట్టంగా అల్లుకోనివ్వకుండా, మధ్యలో దారులు తీయాలి. దాక్కోవడానికి జమ్ము, దిగడానికి నీటిమడుగు... రెండూ కావాలి. తొర్రలున్న ముసలిచెట్లను ఉండనివ్వాలి. వానాకాలంలో ఈలబాతులు గుడ్లు పెట్టేది అలాంటిచోటే. తెగిన నైలాన్ వలలు నీళ్లలో వదలొద్దు. గింజలకు గుళికలమందు కలిపి చల్లడం మాత్రం అసలు వద్దు. ఆ విషం బాతుతో ఆగదు, దాన్ని తిన్న మనిషికీ చేరుతుంది.

చెరువుల పూడికతీతలోనూ ఒక మాట గుర్తుంచుకోవాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల్ని లెక్కలోకి తీసుకుంది. నీరు నిలవాలంటే లోతు కావాలి, నిజమే. కానీ నాలుగువైపులా నిట్టనిలువుగా తవ్వేస్తే నీళ్లుంటాయి, బాతులుండవు. ఒక్కవైపైనా వాలుగా వదిలితే రెండు పనులూ అవుతాయి.

ఊరు తలచుకుంటే ఏమవుతుందో గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చూపించింది. ఊరిచెరువులో గూళ్లు కట్టే గూడబాతుల్నీ కొంగల్నీ జనమే కాపాడుకుంటున్నారు.

అయితే మొలకలు పోగొట్టుకున్న రైతును ఒట్టి మాటలతో ఒప్పించడం కుదరదు. సింగూరు, మంజీర నీళ్లు హైదరాబాద్ కుళాయిల్లోకీ వెళ్తాయి. 2016 వేసవిలో సింగూరు ఎండిపోయినప్పుడు రాజధానికీ ఆ బాధ తెలిసింది. అమెరికాలో బాతు నీళ్లకు వేటగాడు డబ్బు కడుతున్నాడు. ఇక్కడ వేటగాడు లేడు. మరి దున్నకుండా వదిలిన ఆ నాలుగు గజాలకు పరిహారం ఇవ్వాల్సింది, ఆ నీళ్లు తాగుతున్నవాళ్లే కదూ!