పుదుపేటలో ఎడమ అద్దం

చెన్నైలో ఎగ్మూరు రైలు స్టేషను దగ్గర దిగి దక్షిణంగా నడిస్తే కొద్ది నిమిషాల్లో పుదుపేట వస్తుంది. స్టేషను 1908లో తెరిచినది. దాని ఎర్రని గోడలనూ గుమ్మటాలనూ చూడటానికి ఆగేవారు ఇప్పటికీ ఉన్నారు. పుదుపేట చూడటానికి మాత్రం ఎవరూ ఆగరు. పని ఉన్నవాళ్ళే వెళతారు, ఆ పని కూడా దాదాపు అందరిదీ ఒకటే. పాత బండికి ఏదో ఒక ముక్క కావాలి.

పేట పక్కనే కూవం నది. నది అవతల చింతాద్రిపేట. 1730లలో ఈస్టిండియా కంపెనీవారు నేతపనివాళ్ళ కోసం ఏర్పరచిన పేట అది. చిన్న మగ్గాల పేట అనే అర్థం వచ్చే 'చిన్న తఱి పేట' అన్న తమిళ మాటే చింతాద్రిపేట అయిందని చెబుతారు. అంతకు ముందు ఆ స్థలం కంపెనీ వర్తకుడు సుంకు రామచెట్టి తోట. ఆయన పేరుతో జార్జిటౌనులో ఒక వీధి కూడా ఉంది. నదికి అవతల ఒకప్పుడు నేసేవారు. ఇవతల ఇప్పుడు విప్పుతున్నారు.

విప్పడం అంటే మామూలు విప్పడం కాదు. ఆయుష్షు తీరిన కారు ఇక్కడికి వస్తే తలుపులు ఒక కొట్టుకు, సీట్లు ఇంకో కొట్టుకు, దీపాలు వేరొక కొట్టుకు వెళ్ళిపోతాయి. ఒకచోట గుమ్మం నుంచి పైకప్పు దాకా బంపర్లే. మరొకచోట తీగలకు గుచ్చిన తలుపు పిడులు అరటి గెలల్లా వేలాడుతుంటాయి. నూనె వాసన, సుత్తి చప్పుడు, వాటి మధ్య నుంచే తోవ చేసుకుపోయే టీ కుర్రాడు. వెంట వచ్చిన మా అమ్మాయి, "నాన్నా, ఇది బండ్ల అవయవదానం లాగా ఉంది" అంది.

మేము వెళ్ళినది ఎడమవైపు పక్క అద్దం కోసం. మా కారు 2000 దాటిన కొత్తలో కొన్నది. లోపల మీట నొక్కితే అద్దం పైకీ కిందికీ, అటూ ఇటూ తిరుగుతుంది. ఆ రోజుల్లో అది గొప్పే. 1980లలో మన రోడ్ల మీద తిరిగిన చాలా కార్లకు ఎడమవైపు అద్దమే ఉండేది కాదు. ఏటా తరుగుదల తీసివేసే మా బ్యాంకు పద్ధతిలో చూస్తే ఈ బండి పుస్తక విలువ ఎన్నడో అడుగంటింది. ఇంజను మాత్రం ఆ లెక్క చదవలేదు, చక్కగా నడుస్తోంది.

సందులో ఒక మోటారుసైకిలు రాసుకుపోయిన నాటి నుంచి ఆ అద్దం వణకడం మొదలుపెట్టింది. అద్దం పగల్లేదు, లోపలి మోటారు చెడలేదు. కానీ బండి కదిలితే చాలు, వెనక వచ్చేది బస్సో స్కూటరో పోల్చుకోలేనట్టు బొమ్మ అదిరిపోతుంది. చెన్నైలో స్కూటర్లు ఎక్కువగా దూరి వచ్చేది ఎడమ పక్క నుంచే. మా అమ్మాయి ఈ బండి మీదే డ్రైవింగు నేర్చుకుంటోంది. అద్దం చూసుకుని తిప్పమని ఒక పక్క చెబుతూ, ఈ అద్దాన్ని మాత్రం నమ్మవద్దని ఎలా నేర్పగలం?

కంపెనీ సర్వీసు సెంటరులో అడిగితే లోపలి ప్లాస్టిక్ ముక్క విడిగా రాదన్నారు. కొంటే మొత్తం సెట్టు కొనాలి, 7,400 రూపాయలు. ఆ మోడలు తయారీ ఆగిపోయింది గనుక ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నారు. విరిగిన ముక్క బొటనవేలి గోరంత.

ఇక్కడ లోపలి సంగతి కొంచెం చెప్పాలి. ఈ అద్దం వెనక ఒక ప్లాస్టిక్ పలక అతికించి ఉంటుంది. దాని వెనక చిన్న పెట్టె, అందులో వేలెడంత మోటార్లు రెండు. ఒకటి అద్దాన్ని పైకీ కిందికీ, రెండవది పక్కలకూ తిప్పుతుంది. మోటారు వేగాన్ని మర చుట్లున్న ఇరుసూ పళ్ళచక్రాలూ తగ్గించి, ఒక పుల్లను మెల్లగా ముందుకూ వెనక్కూ జరుపుతాయి. ఆ పుల్ల తోసినకొద్దీ పలక మధ్యలో ఉన్న గుండుకీలు మీద వాలుతుంది. పలకను పెట్టెకు పట్టి ఉంచేవి చిన్న కొక్కేలు. మా అద్దానికి అవి నాలుగు. రెండు విరిగాయి. ఏళ్ళ తరబడి ఎండకు ఎండిన ప్లాస్టిక్‌లో సాగే గుణం పోతుంది. అటువంటి దానికి చిన్న దెబ్బ చాలు.

పుదుపేటలో నోటి మాటతో పని జరగదు, విరిగిన వస్తువు చేతిలో ఉండాలి. మేము అద్దాన్ని ఇంటి దగ్గరే ఊడదీసి గుడ్డలో చుట్టి తీసుకువెళ్ళాము. కొట్టతను దాన్ని తిప్పి చూసి మూడే ప్రశ్నలు వేశాడు. ఎడమదా కుడిదా, తీగలు ఎన్ని, బండి ఏ సంవత్సరానిది. ఎడమా కుడీ ఆకారంలోనే కాదు, చూపులోనూ వేరు. ఎడమ అద్దం సాధారణంగా కొంచెం ఉబ్బుగా ఉంటుంది. ఎక్కువ మేర కనబడుతుంది గానీ వస్తువులు ఉన్నదానికన్నా చిన్నగా, దూరంగా తోస్తాయి. చేతికి దొరికిందని ఏదో ఒక అద్దం కోసి అతికిస్తే ఈ లెక్క తప్పుతుంది.

అరగంట వెతికితే అదే మోడలుది, అద్దం పగిలిన సెట్టు ఒకటి దొరికింది. దాని కొక్కేల్లోనూ రెండే మిగిలాయి. అదృష్టం ఏమిటంటే, మనకు విరిగిన వైపువే అవి. 350 రూపాయలకు ఇచ్చాడు, అడిగితే చీటీ రాశాడు. పాత సామాను కొనేటప్పుడు చీటీ అడగడం మంచిది. దొంగ సరుకు అమ్మేవాడు చీటీ రాయడానికి జంకుతాడు.

అతికే మనిషి ఆ సందు చివర ఉన్నాడు. ఒక బల్ల, ఒక సోల్డరింగ్ ఐరన్, నాలుగు డబ్బాలు. డెబ్బై దగ్గర పడిన పెద్దాయన. నేనూ మా అమ్మాయీ మాట్లాడుకోవడం విని, "తెలుగువాళ్ళా సార్? మా తాతలది నెల్లూరు పక్క. మేము పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే" అన్నాడు. పలకను వెలుతురుకు పట్టి, వెనక బాణపు మొనల వంటి రెండు గుర్తుల మధ్య ఉన్న అక్షరాలు మా అమ్మాయికి చూపించాడు. "ఏబీఎస్ అని ఉంది చూడమ్మా. ఇది పట్టుకుంటుంది. పీపీ అని ఉంటే ఏం పూసినా ఊడొచ్చేస్తుంది. దాన్ని తీగతో కుట్టాల్సిందే."

పీపీ అంటే పాలిప్రొపిలీన్. పళ్ళచక్రాలకు వాడే నైలాన్, అసిటాల్ కూడా జిగురుకు సులభంగా లొంగవు. ఏ జిగురు అని అడిగేముందు ఏ ప్లాస్టిక్ అని అడగాలన్నమాట. చాలామంది తొందరలో ఫెవిక్విక్ వేస్తారు. అది క్షణంలో పట్టుకుంటుంది, కానీ గట్టిపడ్డాక పెళుసు. నిత్యం అదిరేచోట ఎక్కువకాలం నిలవదు. పైగా ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పక్కనున్న అద్దం మీద తెల్లని పొరలా పేరుకుంటుంది.

పెద్దాయన పాత పలక నుంచి రెండు కొక్కేలనూ చుట్టూ కొంత మేర ఉంచి కోశాడు. మన పలకలో అంతే మేర కోసి, రెండు అంచులనూ ఉప్పుకాగితంతో గరుకు చేసి, స్పిరిటుతో తుడిచాడు. ఆరల్డైట్ రెండు గొట్టాల నుంచీ సమంగా తీసి కలిపి పూశాడు. అతుకు కొంచెం గట్టిపడ్డాక సన్నని తీగ ముక్కలను ఐరన్‌తో వేడిచేసి, అతుకుకు అడ్డంగా ప్లాస్టిక్‌లోకి దింపాడు. పుస్తకానికి పిన్నులు కొట్టినట్టు ఉంది. మోటారు పెట్టెలో మర బిగించే కాడ ఒకటి చీలి ఉంటే, దానికి రాగితీగ చుట్టి పైన అదే జిగురు పూశాడు. "రేపు ఇదే వేళ దాకా ముట్టుకోవద్దు సార్" అన్నాడు. కూలి 200 తీసుకున్నాడు.

మేము అక్కడ ఉండగానే టాక్సీ నడిపే కుర్రవాడొకడు వచ్చాడు. అతని అద్దం మొత్తం, తలుపు దగ్గర మడిచే కీలు వదులై గాలికి వాలిపోతోంది. కదలకుండా రెండు మరలు వేసి బిగించమన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. కుర్రవాడు రెట్టింపు ఇస్తానన్నాడు. "డబ్బు కాదు తంబీ. నడిచిపోయే మనిషికి తగిలితే అద్దం మడవాలి. మరలు వేస్తే అది ఇనపకడ్డీ అయిపోతుంది" అని, లోపలి స్ప్రింగు తెచ్చుకొమ్మని కొట్టు పేరు చెప్పి పంపించాడు. కుర్రవాడు గొణుక్కుంటూ వెళ్ళాడు. అరగంటలో స్ప్రింగు తీసుకుని తిరిగి వచ్చాడు.

నా దృష్టిలో పుదుపేటలో దొరికే అసలు సరుకు ఇదే. ముక్క ఎక్కడైనా దొరకవచ్చు. ఏది అతకవచ్చో, ఏది అతకకూడదో చెప్పేవాడు దొరకాలి. సెట్టు మొత్తం మార్చేచోట ఈ ప్రశ్నే రాదు గనుక, దానికి జవాబు తెలిసినవాళ్ళూ తగ్గిపోతారు.

ఇంట్లో ఈ పని చేసుకునేవారికి నాలుగు మాటలు. ఊడదీసేముందు మీట నొక్కి అద్దం అడుగు అంచు బయటికి వచ్చేలా వాల్చండి. అద్దం మీద అడ్డంగా అంటుపట్టీలు వేసి, చేతికి మందపాటి తొడుగు, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. అంచు కింద ఇనపది కాకుండా ప్లాస్టిక్ బద్ద దూర్చి మెల్లగా లేపండి. బెంగళూరులో చలికాలపు ఉదయం వేళ చేయకండి, చల్లని ప్లాస్టిక్ పుటుక్కున విరుగుతుంది. బండిని కాసేపు ఎండలో ఉంచితే నయం. తిరిగి బిగించేటప్పుడు అరచేత్తో మధ్యలో నొక్కండి. అంచున నొక్కితే అద్దం పగులుతుంది. కొక్కేలు కూర్చున్నప్పుడు టక్కుమని వినబడుతుంది. ఆ తరువాత నాలుగు వైపులా తిప్పి చూసి, గతుకుల రోడ్డు మీద ఒకసారి నడపండి.

అద్దమే పగిలితే మాత్రం అతికే ప్రయత్నం వద్దు, కొత్తది వేయించండి. ప్లాస్టిక్ భాగాలకైతే బెంగళూరువారికి జె.సి. రోడ్డు, ముంబయివారికి కుర్లా ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా విరిగిన ముక్క వెంట తీసుకువెళ్ళండి, గోరంతైనా సరే పారేయకండి. కొట్లవాళ్ళు చదివేది దాన్నే.

మాకు అయిన ఖర్చు జిగురుతో సహా 610 రూపాయలు. నాలుగు వర్షాకాలపు నెలలు గడిచాయి. అద్దంలో స్కూటరు స్కూటరుగానే కనబడుతోంది. ఉబ్బు అద్దంలో కనబడేదానికన్నా అది దగ్గరగా ఉంటుందని మా అమ్మాయి ఇప్పుడు నాకే గుర్తు చేస్తోంది.